కీ 8192 బిట్లకి పెంచినా బ్రౌజర్ వార్నింగ్ పోవట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నా?

టిక్కీ_లెక్క:

నమస్తే అందరికీ. గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో పని చేస్తా. పేరుకి అకౌంట్సు, కానీ కరెంటుతో నడిచే ప్రతిదీ నా నెత్తినే. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, లోపలికొచ్చేప్పుడు ఎవరి సరుకు, ఏ రకం, ఏ ఛాంబరు, ఏ వరస అనేది ఇదివరకు పుస్తకంలో రాసేవాళ్ళు, పోయినేడు నేనే కూర్చుని చిన్న వెబ్ పేజీ ఒకటి చేశా, ఆఫీసులో మూలన పడున్న పాత డెస్క్‌టాప్ మీద లైనక్స్ వేసి దాన్నే సర్వర్ అన్నా. సూపర్‌వైజర్లు వాళ్ళ ఫోన్లలో 192.168.1.20 కొట్టి ఎంట్రీ చేసుకుంటారు. బయటి ఇంటర్నెట్‌తో పనే లేదు.

ఈ సీజన్‌కి ప్రతి లాటుకీ క్యూఆర్ స్టిక్కర్ అంటించి ఫోన్ కెమెరాతో స్కాన్ చేయిద్దాం అనుకున్నా, అక్కడ మొదలైంది గోల. హెచ్‌టీటీపీఎస్ లేకపోతే క్రోమ్ కెమెరా ఇవ్వదంట. సరే అని వీడియోలు చూసి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే టూల్‌తో సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ చేశా, 2048 బిట్లు, 3650 రోజులు. పేజీ తెరిస్తే ఎర్ర త్రికోణం, మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు అని. కీ బలం చాలట్లేదేమో అని 4096 చేశా. అదే బొమ్మ. నిన్న రాత్రి పంతం పట్టి 8192 చేశా, కీ తయారయ్యేలోపు టీ తాగొచ్చా, ఇప్పుడు పేజీ కూడా నత్తలాగా తెరుచుకుంటంది, వార్నింగ్ మాత్రం ఎక్కడికీ పోలా. అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్తే కెమెరా వస్తంది కానీ కొన్ని రోజులకి మళ్ళీ అడుగుద్ది, "అడ్వాన్స్‌డ్ నొక్కు బాబాయ్, కింద చిన్న అక్షరాలుంటయ్ చూడు, అవి నొక్కు" అని ఫోన్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పెడతంది. ఓనర్ గారి ఐఫోన్లో సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ కూడా చేశా, అయినా ఒప్పుకోవట్లా.

రెండు డౌట్లు. ఎన్ని బిట్లు పెడితే ఇది పోద్ది? ఇంకోటి, బ్యాంకు సైట్లలో 256 బిట్ ఎన్‌క్రిప్షన్ అని గొప్పగా రాసుకుంటారు కదా, నాది 8192, వాళ్ళకంటే 32 రెట్లు, మరి వాళ్ళకి తాళం బొమ్మా నాకు ఎర్ర త్రికోణమా?

పోర్ట్_443:

తమ్మీ, లక్ష బిట్లు పెట్టు, గదే వస్తది. ఆ ఎర్ర పేజీ కింద సన్నగ ఒక ఎర్రర్ కోడ్ ఉంటది, ఎవ్వరు చదవరు దాన్ని. నీకు సర్ట్ అథారిటీ ఇన్‌వాలిడ్ అని ఉండి ఉంటది, ఒకసారి జూడు. తాళం చిన్నగుందని బ్రౌజర్ అంటలేదు. ఈ తాళం ఎవరిది, నువ్వు నిజంగ 192.168.1.20 వే అని చెప్పేటోళ్ళు ఎవరన్న ఉన్నరా అని అడుగుతున్నది.

మేం చదువుకునేటప్పుడు ఉద్యోగాలకు అప్లై చేస్తే సర్టిఫికెట్ల జిరాక్స్‌ల మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం, ఆకుపచ్చ ఇంకు, రౌండ్ స్టాంపు ఉండాలె. ఆ సంతకం కోసం వెటర్నరీ డాక్టర్ ఇంటి ముంగట పొద్దుగాల ఆరింటికి నిలబడ్డోన్ని నేను. నువ్వు చేసింది ఏంది, నీ జిరాక్స్ మీద నువ్వే సంతకం పెట్టుకున్నవ్. కౌంటర్ల కూసున్నాయన చెల్లదన్నడు. నువ్వేమో పోయి ఇంకా మందం కాయితం మీద జిరాక్స్ తీసుకొచ్చినవ్. మళ్ళ చెల్లదన్నడు. మూడోసారి అట్టముక్క మీద తెచ్చినవ్, అదే నీ 8192.

ఇంకో ముచ్చట. సెల్ఫ్ సైన్డ్ అంటే దొంగ సర్టిఫికెట్ అని మస్తు మంది అనుకుంటరు. నీ ఫోన్ సెట్టింగ్స్‌ల ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్ అని ఉంటది, తెరిచి చూస్తే వందకు పైన పేర్లు కనిపిస్తయ్, అవన్నీ రూట్ సర్టిఫికెట్లే, అంటే మిగతా సర్టిఫికెట్లకి సంతకం పెట్టేటియి, ఒక్కోటి తన మీద తనే సంతకం పెట్టుకున్నదే. నీదానికీ వాటికీ ఉన్న తేడా ఒక్కటే, వాటిని ఆడిట్లు చూసి ఫోన్ కంపెనీ ముందే లోపల పెట్టింది, నిన్ను ఎవ్వరూ పెట్టలే. గంతే.

ప్రధాన_సంఖ్య:

443 గారు మొదటి డౌట్ తీర్చేశారు కాబట్టి నేను 256 సంగతి చెప్తాను, ఎందుకంటే ఇది మా స్టూడెంట్లు కూడా ప్రతి బ్యాచ్‌లో అడిగేదే.

256 అనేది ఏఈఎస్ కీ, అంటే డేటాకి తాళం వేసే పద్ధతిది, మీ 8192 అనేది ఆర్‌ఎస్‌ఏ కీ, అంటే సర్టిఫికెట్ వెనక ఉండే పద్ధతిది. రెండింటినీ బిట్లలోనే కొలుస్తారు గానీ ఒకటి తులాల్లో తూచేది, ఇంకోటి క్వింటాళ్ళలో తూచేది అనుకోండి. ఏఈఎస్‌లో కీ అంటే ఉత్త గుడ్డి నంబరు, దాన్ని పట్టుకోవాలంటే ఒక్కొక్కటీ పెట్టి చూడటం తప్ప చెప్పుకోదగ్గ అడ్డదారి లేదు, ఒక్క బిట్టు పెంచితే పని రెట్టింపవుతుంది. ఏఈఎస్‌కి ముందు వాడిన డీఈఎస్‌కి 56 బిట్లే ఉండేవి, 1998లో అమెరికాలో డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ వాళ్ళు దానికోసమే ఒక మెషీన్ కట్టి 56 గంటల్లో కీ పట్టేశారు. 128 బిట్లు అంటే దానికి 72 రెట్టింపులు అవతల. రెండు రెట్లు, నాలుగు రెట్లు, ఎనిమిది రెట్లు, అలా 72 సార్లు. అందుకే 128 తోనే కథ అయిపోయింది, 256 చాలావరకు బోర్డు మీద రాసుకోడానికి.

ఆర్‌ఎస్‌ఏలో అలా కాదు, అక్కడ పబ్లిక్ కీలో ఒక పెద్ద సంఖ్య అందరికీ కనపడుతూనే ఉంటుంది, అది రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ రెండూ విడగొడితే తాళం ఊడినట్టే, విడగొట్టడానికి లెక్కల వాళ్ళు మంచి మంచి అడ్డదారులు కనిపెట్టారు, ఒక్కొక్క నంబరూ పెట్టి చూడక్కర్లేదు. 512 బిట్ల సంఖ్యని 1999లోనే విడగొట్టారు, 768 బిట్లది 2009లో, 2020 ఫిబ్రవరిలో 829 బిట్లది, దానికి సుమారు 2700 కోర్ సంవత్సరాలు పట్టింది, అంటే ఒకే ప్రాసెసర్ కోర్ అయితే అన్నేళ్ళు కూర్చోవాలి. 1024 ని అందుకే ముందే పక్కన పెట్టేశారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ లెక్క ప్రకారం ఆర్‌ఎస్‌ఏ 2048 బలం సుమారు 112 బిట్ల ఏఈఎస్ లాంటిదానికి సమానం, 3072 అయితే 128 కి, 256 బిట్ల ఏఈఎస్‌కి సాటి రావాలంటే ఆర్‌ఎస్‌ఏ 15360 బిట్లు కావాలి. అంటే మీ 8192 బ్యాంకు వాళ్ళ 256 కంటే 32 రెట్లు కాదు సరికదా, తక్కువే. మీరు బాధపడకండి, రెండూ ఇప్పుడున్న కంప్యూటర్లతో పగలవు.

ఇంకా అసలు సంగతి, మీ ఫోన్ ఈమధ్యది అయితే హెచ్‌టీటీపీఎస్ వెనక నడిచే టీఎల్‌ఎస్ 1.3 అనే పద్ధతి వాడుతుంది, 2018 నాటిది, అందులో ఆర్‌ఎస్‌ఏతో రహస్య కీని ఎన్‌క్రిప్ట్ చేసి పంపడం అనేదే ఎత్తేశారు. మొదట్లో షేక్‌హ్యాండ్ అప్పుడు "నేనే సర్వర్‌ని" అని ఒక్క సంతకం పెట్టడానికే ఆ కీ పనికొస్తుంది. తర్వాత ఫోనూ సర్వరూ అప్పటికప్పుడు వేరే కీ తయారు చేసుకుని ఏఈఎస్‌తో మాట్లాడుకుంటాయి. అంటే మీరు 2048 ని 8192 చేస్తే టిక్కీల డేటాకి కొత్తగా వచ్చిన రక్షణ సున్నా, ఆ సంతకం మాత్రం బరువెక్కింది. బిట్లు రెట్టింపైనప్పుడల్లా ఆర్‌ఎస్‌ఏ సంతకం ఆరేడు రెట్లు నెమ్మదిస్తుంది, మీరు రెండుసార్లు రెట్టింపు చేశారు, పాత డెస్క్‌టాప్, నత్త అయిందంటే అవదా మరి.

కీ పొడుగు చూసి మురిసిపోయేవాళ్ళకి నేను డెబియన్ అనే లైనక్స్ కథ చెప్తాను. 2006లో డెబియన్‌లో ఎవరో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కోడ్‌లో ఒక చిన్న మార్పు చేశారు, ఏదో టూల్ వార్నింగ్ ఇస్తోందని. దాంతో కీ తయారు చేసేటప్పుడు కలిపే యాదృచ్ఛికత దాదాపు మొత్తం పోయింది, మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే. ఒక రకం మెషీన్ మీద ఒక సైజు కీ తీసుకుంటే మొత్తం 32,768 కీలే సాధ్యం. పేరుకి 2048, 4096 బిట్లు, నిజానికి 15 బిట్లు! 2008 మేలో బయటపడేదాకా ఎవరికీ తెలీదు, లోకంలో ఎన్నో సర్వర్లు ఆ కీలతోనే నడిచాయి. తలుపు మందం చూసుకుంటూ ఉండగా తాళంచెవి ఊరందరి మొలతాడుకీ వేలాడుతున్నట్టు.

ఎందుకొచ్చిన_గోల:

ఇంత క్లాస్ అవసరమా అండి? ఆఫీసు లోపలి నెట్‌వర్కు, మిర్చి బస్తాల లెక్క, దీన్ని హ్యాక్ చేయడానికి రష్యా నుంచి దిగుతారా ఎవరన్నా? అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకి పొమ్మనండి, నేను మా ఆఫీసు రౌటర్ పేజీకి పదేళ్ళుగా అదే చేస్తున్నా, ఏమీ కాలా.

పోర్ట్_443:

రష్యాకెళ్ళి ఎందుకన్నా, గేటు కాడికెళ్ళి వస్తరు. తమ్మీ, ఒక మాట చెప్పు, మీ దగ్గర వైఫై పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?

టిక్కీ_లెక్క:

అంటే... ఆఫీసు గోడ మీద అట్టముక్క మీద రాసి అంటించి ఉంది. లారీ డ్రైవర్లు లోడింగ్ అయ్యేదాకా గంటలు గంటలు కూర్చుంటారు కదా, వాళ్ళు అడుగుతున్నారని ఓనర్ గారే రాయించారు. హమాలీలకి తెలుసు, టీ కొట్టాయనకి తెలుసు.

పోర్ట్_443:

అయిపాయె.

గోలన్నా, నువ్వు చెప్పింది సగం ఖరే. సెల్ఫ్ సైన్డ్ అయినా ఎన్‌క్రిప్షన్ ఎన్‌క్రిప్షనే, ఉట్టిగ విని చదివేటోనికి ఏం దొరకదు. కానీ అదే వైఫైల కూసున్నోడు నేనే 192.168.1.20 అని మధ్యల దూరితే, వాడు కూడ ఒక సెల్ఫ్ సైన్డ్ చూపిస్తడు, సేమ్ ఎర్ర పేజీ వస్తది. సూపర్‌వైజర్ బాబాయ్‌కి మనం నేర్పిందేంది, ఎర్ర పేజీ వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు పో అని. పోతడు, పాస్‌వర్డ్ కొడతడు. రేపు వాళ్ళ బ్యాంకు పేరు మీద ఎర్ర పేజీ వచ్చినా అట్లనే పోతడు, అలవాటైంది కదా. నాకు భయం గక్కడ. కోల్డ్ స్టోరేజీల లెక్క అంటే ఉత్త బస్తాలు కాదు, సరుకు మీద ఇచ్చే బాండ్లు పెట్టి రైతులు లోన్లు తెచ్చుకుంటరు. ఎవరి పేరు మీద ఎన్ని టిక్కీలున్నయ్ అన్నది మార్చగలిగితే అది డబ్బే.

డల్లాస్_డీబగ్గర్:

తెనాలి నుంచి వచ్చినవాణ్ణి, మిర్చి ఘాటు మాట వినపడితే ఆగలేను. సరే పనిలోకి వద్దాం, మీరు చేయాల్సింది కీ పెంచడం కాదు, సొంతంగా ఒక చిన్న రూట్ పెట్టుకోవడం. ఎంకేసర్ట్ అని ఒక టూల్ ఉంది, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కమాండ్లతో కుస్తీ పట్టక్కర్లేదు. అది ముందు ఒక రూట్ చేస్తుంది, ఆ రూట్‌తో సర్వర్ సర్టిఫికెట్ మీద సంతకం పెడుతుంది. రూట్‌ని ఒక్కసారి ప్రతి ఫోన్లో ఎక్కిస్తే చాలు, తర్వాత సర్వర్ సర్టిఫికెట్ ఎన్నిసార్లు మార్చినా ఫోన్లు ముట్టుకోనక్కర్లేదు. గెజిటెడ్ ఆఫీసర్‌ని మనమే అపాయింట్ చేసుకున్నట్టు, ఆయన సంతకం మన గేటు లోపలే చెల్లుతుంది.

మీ ఓనర్ గారి ఐఫోన్ ఎందుకు ఒప్పుకోవట్లేదో నాకు అర్థమైంది, నేనూ ఇక్కడే ఒక శనివారం మొత్తం పోగొట్టుకున్నా. మీరు 3650 రోజులు పెట్టారు. 2019 జులై 1 తర్వాత ఇచ్చిన సర్వర్ సర్టిఫికెట్ 825 రోజులు దాటితే ఆపిల్ ఒప్పుకోదు, మీరే చేతులారా ఎక్కించిన రూట్ అయినా సరే. పైగా రూట్ ఇన్‌స్టాల్ చేశాక ఇంకో మెట్టు ఉంది, సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్, అన్నిటికన్నా కింద సర్టిఫికెట్ ట్రస్ట్ సెట్టింగ్స్, అక్కడ స్విచ్ ఆన్ చేయాలి. దాన్ని అంత లోపల ఎందుకు దాచారో వాళ్ళకే తెలియాలి. ఆండ్రాయిడ్‌లో సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో సీఏ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ అని ఉంటుంది, క్రోమ్ దాన్ని తీసుకుంటుంది, ఎవరైనా ఫైర్‌ఫాక్స్ వాడుతుంటే దాని లెక్క వేరు.

ఇంకో గోతి, పాత వీడియోలు చూసి చేశారంటున్నారు కాబట్టి మీరు ఐపీని సర్టిఫికెట్‌లో కామన్ నేమ్ అనే చోట పెట్టి ఉంటారు. 2017లో క్రోమ్ 58 నుంచి కామన్ నేమ్ వైపు చూడటమే మానేసింది. సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే చోట ఉండాలి, అదీ ఐపీ అయితే ఐపీ రకంగానే రాయాలి, పేరు రకంగా కాదు. ఎంకేసర్ట్ ఇవన్నీ అదే చూసుకుంటుంది, రోజులు కూడా 825 లోపే పెడుతుంది.

కీ 2048 చాలు. పాత మెషీన్ అన్నారు కాబట్టి ఎలిప్టిక్ కర్వ్ పీ-256 అనే వేరే రకం కీ పెట్టుకుంటే ఇంకా తేలిక, బలం చూస్తే ఆర్‌ఎస్‌ఏ 3072 తో సమానం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఆ రూట్ కీ ఫైల్‌ని సర్వర్ మీద ఉంచకండి. పెన్‌డ్రైవ్‌లోకి తీసి బీరువాలో పెట్టి, సర్వర్‌లోంచి తీసేయండి. ఆ ఫైల్ ఎవడి చేతికైనా చిక్కితే మీ టిక్కీల పేజీకే కాదు, ఏ సైటు పేరు మీదైనా దొంగ సర్టిఫికెట్ చేయొచ్చు, మీరు రూట్ ఎక్కించిన ఫోన్లలో బ్రౌజర్ దాన్ని కిక్కురుమనకుండా నమ్మేస్తుంది. 2015లో లెనోవో ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అని యాడ్స్ చూపించే సాఫ్ట్‌వేర్ బయటపడింది చూడండి, అది చేసిన దరిద్రం ఇదే, తన రూట్ ఎక్కించింది, పైగా అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకటే ప్రైవేట్ కీ, దాని పాస్‌వర్డ్ ఏంటయ్యా అంటే ఆ టెక్నాలజీ అమ్మిన కంపెనీ పేరే, కొమోడియా.

ప్రధాన_సంఖ్య:

డల్లాస్ గారు చెప్పినదానికి ఒక తోక. రూట్ వాళ్ళంటే పెద్ద కంపెనీలు, వాళ్ళ దగ్గర తప్పు జరగదు అనుకోకండి. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సర్టిఫికెట్లిచ్చే సంస్థలోకి ఎవరో చొరబడి గూగుల్ పేరుతో సహా 500 పైచిలుకు దొంగ సర్టిఫికెట్లు చేసుకున్నారు, ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ళ మీద ప్రయోగించారు, ఆ ఏడాది సెప్టెంబరులోనే ఆ సంస్థ దివాలా తీసింది. మన దగ్గరా జరిగింది, 2014 జులైలో మన కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ డొమైన్ల పేరు మీద అనుమతి లేని సర్టిఫికెట్లు బయటికొచ్చాయి, గూగుల్ జులై 2న కనిపెట్టింది, మర్నాడే సర్టిఫికెట్ సంస్థలకి లైసెన్సులిచ్చే ఢిల్లీలోని సీసీఏ వాళ్ళు ఎన్‌ఐసీ సర్టిఫికెట్లని రద్దు చేశారు. విండోస్ అప్పట్లో మన సీసీఏ రూట్‌ని నమ్మేది కాబట్టి విండోస్ మీద క్రోమ్ వాడేవాళ్ళకి ఆ ముప్పు ఉండింది, ఫైర్‌ఫాక్స్ లిస్టులో ఆ రూట్ లేదు కాబట్టి దాన్ని వాడేవాళ్ళు తప్పించుకున్నారు. వీటిలో ఎక్కడా ఎవరూ బిట్లు పగలగొట్టలేదు, గమనించారా.

టిక్కీ_లెక్క:

అందరికీ దండాలు. నాలుగు రోజులు పట్టింది, ఆలస్యంగా రాస్తున్నా. ఎంకేసర్ట్‌తో చేశా, పీ-256 పెట్టా, పేజీ మళ్ళీ టక్కున తెరుచుకుంటంది. ఎర్ర పేజీ కింద కోడ్ కూడా చూశా, 443 అన్న చెప్పిందే ఉంది, ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉంది అది. ఓనర్ గారి ఐఫోన్లో ఆ స్విచ్ వేయగానే తాళం బొమ్మ వచ్చింది, ఆయన నన్ను మెచ్చుకున్నారు, ఎందుకో ఆయనకి తెలీదు. పెన్‌డ్రైవ్ ఎరుపు దారం కట్టి క్యాష్ బీరువాలో పెట్టా. గోడ మీద అట్ట పీకేశా, డ్రైవర్లకి రౌటర్‌లో గెస్ట్ వైఫై వేరేగా పెట్టా.

ఒక్కటే చిక్కు. మా సూపర్‌వైజర్లలో ఒకాయన ఫోన్లో రూట్ ఎక్కించగానే, నెట్‌వర్క్‌ని ఎవరో గమనిస్తుండొచ్చు అని ఆండ్రాయిడ్ నోటిఫికేషన్ ఇచ్చింది. ఆయన అది చదివి, నా వాట్సాప్ ఓనర్ చదువుతాడంట అని ఛాంబర్ మొత్తం చెప్పాడు. ఇప్పుడు ముగ్గురు మా ఫోన్లు నీకు ఇవ్వం అంటున్నారు. వాట్సాప్ ఏమీ కనపడదు అని ఎంత చెప్పినా "మరి ఫోనే చెప్తంది కదయ్యా" అంటారు. ఏం చెప్పను?

పోర్ట్_443:

వాళ్ళు భయపడేది తప్పు అని నేననను. వాట్సాప్ దాకా పోదు, ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు మామూలుగ మనం ఎక్కించిన రూట్‌ని లెక్కజేయవు, కానీ బ్రౌజర్ సంగతి డల్లాస్ చెప్పిండు గదా. వాళ్ళ సొంత ఫోన్, వాళ్ళ ఇష్టం. ఒప్పుకోనోళ్ళ ఫోన్లల రూట్ ఎక్కి ఉంటే తీసెయ్, అందరి ముంగట తీసెయ్.

రెండు తొవ్వలున్నయ్. స్కానింగ్‌కి ఆఫీసు ఫోన్లు రెండు కొనుండ్రి, వాటిల రూట్ ఎక్కియ్. లేకపోతే ఒక డొమైన్ కొని, దాని కింద ఒక పేరుని 192.168.1.20 కి చూపెట్టి, ఉచితంగ సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ తోని డీఎన్ఎస్ పద్ధతిల సర్టిఫికెట్ తీసుకో. వాళ్ళు నీ సర్వర్ దాకా రారు, డొమైన్ రికార్డ్‌ల వాళ్ళిచ్చిన అక్షరాలు పెట్టినవా లేదా అని చూస్తరు, గంతే. పైసలు లేవు, ఏ ఫోన్ల ఏం ఎక్కించే పని లేదు. కాకపోతే 90 రోజులకే అయిపోతది, ఆటోమేటిక్ రెన్యువల్ పెట్టుకోవాలె. ఆ పేరు పబ్లిక్ లాగ్‌ల పడతది, కాబట్టి పేరు ఏదో ఒకటి పెట్టు, ఓనర్ పేరు పెట్టకు. కొన్ని రౌటర్లు బయటి పేరుకి లోపలి ఐపీ వస్తే ఆపేస్తయ్, నీది ఆపితే రౌటర్‌లనే ఆ పేరు రాసి పెట్టు, నెట్ పోయిన రోజు కూడ అదే పనికొస్తది.

టిక్కీ_లెక్క:

మా దగ్గర నెట్ వారానికి రెండుసార్లు పోద్ది, రౌటర్లో రాసే పద్ధతి బాగుంది. ఫోన్లు కొనడం కంటే డొమైనే చౌక. ఓనర్ గారిని అడగాలి, రేపు యార్డులో తేజ రకం మిర్చి రేటు ఎట్టా ఉందో చూసుకుని అడుగుతా.